థ్రెడ్ నిద్రలో ఐదున్నర గంటల తేడా: ఏ గడియారంతో ఆపాలి, ఎలా ఆపాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఆరబెట్టే డ్రయ్యర్‌కి రాస్‌ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద సీ భాషలో రాసిన ప్రోగ్రాం నడుస్తోంది. అందులో రెండు థ్రెడ్‌లు, అంటే ఒకే ప్రోగ్రాంలో పక్కపక్కనే నడిచే రెండు పనులు. ఒకటి పది సెకన్లకోసారి డీఎస్18బీ20 సెన్సర్ నుంచి వేడి చదివి ఫైల్లో రాస్తుంది. రెండోది బ్లోయర్ రిలేని (కరెంటు కలిపి తెంచే స్విచ్చిని) 20 నిమిషాలు ఆన్, 5 నిమిషాలు ఆఫ్ చొప్పున తిప్పుతుంది. టైమ్ నిలబడాలని డీఎస్3231 గడియారం మాడ్యూల్ కూడా తగిలించారు. దాన్ని ముందు ఆర్డ్వినోకి పెట్టి, కంప్యూటర్ టైమ్‌తో సెట్ చేసి తెచ్చారు. ఇబ్బందులు మూడు. రోజుకు 8640 రీడింగులు రావాల్సింది 8030 దగ్గరే ఉంటున్నాయి. ఒకరోజు కరెంటు పోయి వచ్చాక బ్లోయర్ 5 గంటల 50 నిమిషాలు ఆన్‌లోనే ఉండిపోయింది. ప్రోగ్రాంని ఆపమంటే రెండో థ్రెడ్ తన 20 నిమిషాలు అయ్యేదాకా కదలడం లేదు. అందుకే నడుస్తున్న థ్రెడ్‌ని బయటి నుంచి ఇంతసేపు ఆపే ఫంక్షన్ ఏదైనా ఉందా అని అడిగారు.

అలాంటి ఫంక్షన్ లేదు, అవసరమూ లేదు. మీ మూడు ఇబ్బందులూ థ్రెడ్‌ని నిద్రపుచ్చే తీరులోంచే వచ్చాయి. బ్లోయర్ విషయంలో అయితే "ఎంతసేపు" అని అడగాల్సిన చోట ప్రోగ్రాం "ఇప్పుడు టైమెంత" అని అడుగుతోంది. ఫంక్షన్ల పేర్లు కింద ఎలా పలుకుతామో అలాగే రాశాను. అండర్‌స్కోర్ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టాను.

ముందు బ్లోయర్ సంగతి చూద్దాం, ప్రమాదం ఉన్నది దాంట్లోనే. 5 గంటల 50 నిమిషాల్లోంచి మీరు అడిగిన 20 నిమిషాలు తీసేస్తే సరిగ్గా ఐదున్నర గంటలు మిగులుతుంది. మన దేశంలో ఏ లాగ్‌లోనైనా సరిగ్గా 5:30 తేడా కనబడిందంటే సెన్సర్‌నీ రిలేనీ అనుమానించక్కర్లేదు. ఎక్కడో యూటీసీ (మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక టైమ్) ఉండాల్సిన చోట మన టైమ్ పడింది, లేదా మన టైమ్ ఉండాల్సిన చోట యూటీసీ పడింది.

మీ దగ్గర జరిగింది ఇలా ఉంటుంది. ఉదయం 9 గంటలకు కరెంటు వచ్చిందనుకోండి. డీఎస్3231లో 9:00 అనే ఉంది, కంప్యూటర్ టైమ్‌తో సెట్ చేశారు కాబట్టి. ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లైనక్స్ మాత్రం హార్డ్‌వేర్ గడియారంలో ఉన్నది యూటీసీ అనుకుంటుంది. 9:00 యూటీసీ అంటే మనకు మధ్యాహ్నం 2:30. సిస్టమ్ ఆ టైమ్‌తో లేచింది. మీ ప్రోగ్రాం మొదలై, టైమ్ ఫంక్షన్‌ని పిలిచి, దానికి 1200 సెకన్లు కలిపి, 2:50 అయ్యేదాకా బ్లోయర్ ఆన్‌లో ఉంచాలని లెక్క వేసుకుంది. ఇంకా రౌటర్ లేవలేదు. రెండు మూడు నిమిషాల తర్వాత నెట్ వచ్చింది, నెట్‌లో సరైన టైమ్ చెప్పే ఎన్‌టీపీ సర్వర్ దొరికింది, సిస్టమ్ గడియారం ఐదున్నర గంటలు ముందుందని తేలింది. అంత పెద్ద తేడాని నెమ్మదిగా సర్దరు, ఒక్క దెబ్బకు వెనక్కి తిప్పేస్తారు. ఇప్పుడు టైమ్ 9:03. మీ థ్రెడ్ మాత్రం 2:50 కోసం ఎదురుచూస్తూనే ఉంది. మొత్తం ఆన్‌లో ఉన్నది 5 గంటల 50 నిమిషాలు.

డీఎస్3231 లేకపోయినా ఈ బాధ తప్పేది కాదు, కాకపోతే తిరగబడేది. పై 4లో సొంత బ్యాటరీ గడియారం లేదు. చివరిసారి డిస్క్‌లో దాచుకున్న టైమ్‌తో లేస్తుంది. కరెంటు మూడు గంటలు పోయి ఉంటే, నెట్ రాగానే గడియారం మూడు గంటలు ముందుకు దూకుతుంది, 20 నిమిషాల ఆన్ రెండు నిమిషాలకే ముగుస్తుంది. ఉద్దానం వైపు 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పటిలా రోజుల తరబడి కరెంటు లేకపోతే గడియారం దూకే తేడా రోజుల్లో ఉంటుంది.

కాబట్టి పని రెండు చోట్ల చేయాలి. గడియారాన్ని సరిచేయాలి, ప్రోగ్రాం ఆ గడియారం మీద ఆధారపడకుండా చేయాలి. రెండోది ముఖ్యం. మొదటిది మాత్రమే చేసి వదిలేస్తే మాడ్యూల్ బ్యాటరీ అయిపోయిన రోజున మళ్ళీ ఇదే కథ.

గడియారం పని త్వరగా చెప్తాను. నెట్ ఉన్నప్పుడు టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్ కొట్టండి. "ఆర్‌టీసీ టైమ్" అన్న లైను "యూనివర్సల్ టైమ్" అన్న లైనుతో సమానంగా ఉండాలి. "లోకల్ టైమ్"తో సమానంగా ఉంటే మాడ్యూల్‌లో మన టైమ్ ఉందన్నమాట. ఎన్‌టీపీ సరిపోయిందని నిర్ధారించుకుని, సూడోతో హెచ్‌డబ్ల్యూక్లాక్ -డబ్ల్యూ ఒక్కసారి కొట్టండి, సిస్టమ్ టైమ్ యూటీసీ రూపంలో మాడ్యూల్‌లోకి వెళ్తుంది. కాన్ఫిగ్ ఫైల్లో ఐ2సీ-ఆర్‌టీసీ ఓవర్లే (ఆ మాడ్యూల్ ఉందని సిస్టమ్‌కి చెప్పే లైను), డీఎస్3231 పేరుతో ఉండాలి. ఐ2సీడిటెక్ట్‌లో 68 అన్న గడిలో యూయూ అని కనిపిస్తే కర్నల్ (లైనక్స్ అసలు గుండెకాయ) డ్రైవర్ దాన్ని పట్టుకున్నట్టు. ఇంకా 68 అంకెగానే కనబడితే ఓవర్లే ఎక్కలేదు.

వైరింగ్ కూడా ఒకసారి చూసుకోండి. మాడ్యూల్ విద్యుత్ పిన్నుని పై మీద 1వ పిన్ను, అంటే 3.3 వోల్టులకే ఇవ్వండి. ఎస్‌డీఏ 3వ పిన్ను, ఎస్‌సీఎల్ 5వ పిన్ను, గ్రౌండ్ 9వ పిన్ను. 5 వోల్టులకు ఇస్తే మాడ్యూల్ మీదున్న పుల్-అప్ రెసిస్టర్లు డేటా లైన్లను 5 వోల్టులకు లాగుతాయి, రాస్‌ప్‌బెర్రీ పై పిన్నులు అంత వోల్టేజీ తట్టుకోవు. పైగా మార్కెట్లో చవగ్గా దొరికే నీలం జెడ్‌ఎస్-042 బోర్డుల్లో బ్యాటరీని చార్జ్ చేసే సర్క్యూట్ ఉంటుంది. అది చార్జ్ అయ్యే ఎల్‌ఐఆర్2032 కోసం పెట్టింది. మామూలు సీఆర్2032 వేసి 5 వోల్టులు ఇస్తే, చార్జ్ చేయకూడని సెల్‌ని చార్జ్ చేస్తున్నట్టే, అది ఉబ్బుతుంది. మాడ్యూల్‌ని డ్రయ్యర్‌కి దూరంగా పెట్టండి. డీఎస్3231 కచ్చితత్వం 0 నుంచి 40 డిగ్రీల మధ్య ±2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు), అంటే ఏడాదికి దాదాపు ఒక నిమిషం. అంతకంటే వేడిలో అది ±3.5 పీపీఎం అవుతుంది.

ఇక అసలు పని, ప్రోగ్రాం.

లైనక్స్‌లో మీకు కావలసిన గడియారాలు మూడు. క్లాక్_రియల్‌టైమ్ అంటే గోడ గడియారం టైమ్. ఎన్‌టీపీ దాన్ని దూకించగలదు, డేట్ కమాండ్‌తో మనిషీ దూకించగలడు, వెనక్కి కూడా. క్లాక్_మోనోటోనిక్ సిస్టమ్ లేచినప్పటి నుంచి నడుస్తుంది, ముందుకే వెళ్తుంది, దూకదు. ఎన్‌టీపీ దాని వేగాన్ని కొద్దిగా సర్దుతుందే తప్ప విలువను మార్చదు. సిస్టమ్ సస్పెండ్ అయితే ఇది ఆగిపోతుంది. క్లాక్_బూట్‌టైమ్ దీని లాంటిదే, సస్పెండ్‌లో ఉన్న కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటుంది. రాస్‌ప్‌బెర్రీ పై సస్పెండ్ అవ్వదు కాబట్టి మీకు చివరి రెండూ ఒకటే. ల్యాప్‌టాప్ మీద నడిపేవాళ్ళు మాత్రం మూత మూసిన కాలం లెక్కలోకి రావాలా వద్దా అని ముందే తేల్చుకోవాలి.

"20 నిమిషాలు ఆగు" అంటే మోనోటోనిక్. "సాయంత్రం 6 గంటల షిఫ్టు మారేదాకా ఆగు" అంటే రియల్‌టైమ్. రెండోదానికి రియల్‌టైమే సరైనది కూడా, ఎందుకంటే మధ్యలో గడియారం సరిచేస్తే కర్నల్ ఆ నిద్రని కొత్త టైమ్ ప్రకారం మళ్ళీ చూసుకుంటుంది. 6 దాటిపోయి ఉంటే వెంటనే లేపుతుంది. మీ బ్లోయర్‌కి ఆ గుణమే శాపమైంది.

ఇక్కడ చాలామంది స్లీప్ ఫంక్షన్ మీద నింద వేస్తారు. అది తప్పు. మీరు నేరుగా స్లీప్(1200) అని రాసి ఉంటే ఐదున్నర గంటల తేడా వచ్చేదే కాదు. మీరు రాసింది, ముగింపు టైమ్ దాటేదాకా ఒక్కో సెకను స్లీప్ చేసే వైల్ లూప్. అందులో పరీక్షించేది టైమ్ ఫంక్షన్‌ని, అంటే గోడ గడియారాన్ని. కర్నల్‌కి వెళ్ళే పిలుపులు చూపించే స్ట్రేస్‌తో చూస్తే స్లీప్ పిలుపు లోపల క్లాక్_నానోస్లీప్‌కి క్లాక్_రియల్‌టైమ్, ఫ్లాగ్ 0 అని కనిపించి కొందరు కంగారుపడతారు. ఫ్లాగ్ 0 అంటే "ఇప్పటినుంచి ఇంతసేపు" అని అర్థం. అలాంటి నిద్రని లైనక్స్ కర్నల్ లోపల మోనోటోనిక్ మీదే కొలుస్తుంది. గడియారం మార్చినా దానికి ఏమీ కాదు.

అయినా స్లీప్(1200) చాలదు, దానికి మొదటి ఇబ్బంది కారణం. డీఎస్18బీ20 12 బిట్లలో ఒక్క రీడింగుకి 750 మిల్లీసెకన్ల వరకు తీసుకుంటుంది. ఆ సమయమంతా మీ థ్రెడ్ ఫైల్ రీడ్‌లో నిలబడి ఉంటుంది. ఫైల్లో రాయడానికి మరికొంత. తర్వాత స్లీప్(10). అంటే ఒక్కో చుట్టు 10 సెకన్లు కాదు, దాదాపు 10.76 సెకన్లు. 86400ని 10.76తో భాగించండి, మీకొస్తున్న 8030 వస్తుంది. సెన్సర్ బాగానే ఉంది. పని అయ్యాక పది సెకన్లు పడుకుంటున్నారు, అంతే. దీన్ని స్లీప్(9) చేసి సర్దొచ్చని అనుకోకండి. రేపు రెండో సెన్సర్ తగిలిస్తే మళ్ళీ మారిపోతుంది.

సరైన పద్ధతిలో "ఎంతసేపు" అని కాక "ఏ క్షణం దాకా" అని చెప్తాం, ఆ క్షణం మోనోటోనిక్ గడియారంలోది. థ్రెడ్ మొదట్లో ఒక్కసారే క్లాక్_గెట్‌టైమ్‌ని క్లాక్_మోనోటోనిక్‌తో పిలిచి, వచ్చిన విలువని "నెక్స్ట్" అనే టైమ్‌స్పెక్‌లో (సెకన్లు, నానోసెకన్లు దాచే చోటు) పెట్టుకోండి. లూప్‌లో ప్రతిసారీ నెక్స్ట్‌లోని టీవీ_సెక్‌కి 10 కలపండి. తర్వాత క్లాక్_నానోస్లీప్‌కి నాలుగు విలువలు ఇవ్వండి: క్లాక్_మోనోటోనిక్, టైమర్_ఆబ్‌స్టైమ్, నెక్స్ట్ చిరునామా, నల్. లేచాక చదవండి, రాయండి, మళ్ళీ మొదటికి. చదవడానికి 0.76 సెకన్లు పట్టినా పర్వాలేదు, నిద్ర 9.24 సెకన్లే అవుతుంది. కొత్త క్షణాన్ని పాత నెక్స్ట్‌కి కలిపి రాబట్టాలి. ప్రతి చుట్టులోనూ మళ్ళీ "ఇప్పుడు" అని అడిగి పది కలిపితే వచ్చిన లాభమంతా పోతుంది. ఈ తప్పు కోడ్‌లో చూడగానే కనపడదు, లాగ్‌లో రెండు రోజుల తర్వాత కనబడుతుంది.

ఈ ఫంక్షన్‌తో జనం ఇరుక్కునే చోట్లు మూడున్నాయి.

ఒకటి, అది తప్పు జరిగితే -1 ఇచ్చి ఎర్‌నోలో కారణం పెట్టదు. ఎర్రర్ సంఖ్యనే నేరుగా తిరిగి ఇస్తుంది. నానోస్లీప్ అలవాటుతో "-1 అయితే" అని రాసిన పరీక్ష ఎప్పటికీ నిజం కాదు, ఎర్రర్లన్నీ నిశ్శబ్దంగా పోతాయి.

రెండు, టీవీ_ఎన్‌సెక్ విలువ 0 నుంచి 99,99,99,999 మధ్యే ఉండాలి. అర సెకను పీరియడ్ కోసం 50 కోట్ల నానోసెకన్లు కలుపుతూ పోతే మొదటి చుట్టులోనో రెండో చుట్టులోనో అది వంద కోట్లకు చేరుతుంది. అప్పుడు ఈఇన్వాల్ (ఇచ్చిన విలువ తప్పన్న ఎర్రర్) వచ్చి ఫంక్షన్ వెంటనే తిరిగొస్తుంది, నిద్ర ఉండదు, లూప్ ఒక కోర్ మొత్తాన్ని తినేస్తుంది. కలిపిన ప్రతిసారీ వంద కోట్లకు చేరిందేమో చూసి, చేరితే వంద కోట్లు తీసేసి టీవీ_సెక్‌కి ఒకటి కలపండి. ఇఫ్ కాదు, వైల్ పెట్టండి. పీరియడ్ సెకను దాటినా పనిచేస్తుంది.

మూడు, సిగ్నల్, అంటే ప్రోగ్రాంకి బయటి నుంచి వచ్చే కబురు. హ్యాండ్లర్ ఉన్న సిగ్నల్ వస్తే నిద్ర మధ్యలో ఈఇంటర్ (మధ్యలో తెగిందన్న ఎర్రర్) ఇచ్చి తిరిగొస్తుంది. ఆబ్‌స్టైమ్ వాడితే మందు తేలిక, అదే నెక్స్ట్‌తో మళ్ళీ పిలవడమే. చేరాల్సిన క్షణం మారలేదు కదా. ఫ్లాగ్ 0తో నడిపితే మిగిలిన కాలం తీసుకుని మళ్ళీ పడుకోవాలి. అలా తెగి తెగి పడుకున్న ప్రతిసారీ కొంచెం కొంచెం ఆలస్యం పోగవుతుంది. సిగ్నల్స్ ఎక్కువ వచ్చే ప్రోగ్రాంలో అది లెక్కకు తగిలేంత అవుతుంది. ప్రాసెస్‌కి వచ్చిన సిగ్నల్‌ని కర్నల్ దాన్ని బ్లాక్ చేయని ఏ థ్రెడ్‌కైనా ఇవ్వొచ్చు. అందుకే థ్రెడ్‌లు పుట్టించక ముందే పీథ్రెడ్_సిగ్‌మాస్క్‌తో బ్లాక్ చేసి, మెయిన్ థ్రెడ్ ఒక్కటే సిగ్‌వెయిట్‌లో కూర్చుని అందుకోవడం శుభ్రమైన పద్ధతి.

పని పది సెకన్లు దాటిపోతే ఏం చేయాలన్నది కూడా ముందే తేల్చుకోండి. ఎస్‌డీ కార్డు అలిసిపోయి ఎఫ్‌సింక్ (రాసినదాన్ని కార్డులోకి చేర్చే పిలుపు) చాలాసేపు ఆగిందనుకోండి. నెక్స్ట్ అప్పటికే గతంలో ఉంటుంది, క్లాక్_నానోస్లీప్ నిద్రపోకుండా తిరిగొస్తుంది, వెనకబడిన చుట్లన్నీ ఒకదాని వెంట ఒకటి గబగబా నడుస్తాయి. వేడి కొలతకి అలా నడిచినా లాభం లేదు, పోయిన నిమిషపు వేడి ఇప్పుడు చదవలేం. కాబట్టి లేచాక ఇప్పటి మోనోటోనిక్ టైమ్ చూసి, నెక్స్ట్ ఒక పీరియడ్ కంటే వెనకబడి ఉంటే అది భవిష్యత్తులోకి వచ్చేదాకా పదులు కలపండి, ఎన్ని తప్పిపోయాయో లాగ్‌లో రాయండి. ఇదంతా చేతితో రాయడం ఇష్టం లేకపోతే టైమర్‌ఎఫ్‌డీ వాడండి. రీడ్ చేస్తే ఎన్నిసార్లు మోగిందో ఎనిమిది బైట్ల సంఖ్యగా ఇస్తుంది. ఒకటి కంటే ఎక్కువ వస్తే తప్పిపోయినవి అన్నీ అందులోనే తెలుస్తాయి.

లాగ్ లైనులో టైమ్ ఎలా రాయాలన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది కానీ తర్వాత తల పట్టుకునేది దీని దగ్గరే. ప్రతి లైనులో రియల్‌టైమ్ ఒకటి, మోనోటోనిక్ ఒకటి, రెండూ రాయండి. ప్రోగ్రాం మొదలైనప్పుడు ప్రాక్ ఫోల్డర్‌లోని బూట్_ఐడీ కూడా ఒకసారి రాయండి. కరెంటు వచ్చి ఎన్‌టీపీ సర్దుకునేలోపు రాసిన లైన్లలో గోడ టైమ్ తప్పుగా ఉన్నా, అదే బూట్‌లో తర్వాత వచ్చిన సరైన లైనుతో మోనోటోనిక్ తేడా తీసి సరిచేసుకోవచ్చు. ఏ బస్తా ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందో తేల్చాల్సి వచ్చినప్పుడు ఆ రెండో అంకె విలువ తెలుస్తుంది.

ఇప్పుడు ఆపే సంగతి. నడుస్తున్న థ్రెడ్‌ని బయటి నుంచి ఆపే ఫంక్షన్ పోసిక్స్ ప్రమాణంలో లేదు, కావాలనే పెట్టలేదు. ఆ థ్రెడ్ అప్పుడు మెమరీ ఇచ్చే మాలక్ ఫంక్షన్ లోపల తాళం పట్టుకుని ఉందనుకోండి. దాన్ని అక్కడే ఆపేస్తే మెమరీ అడిగిన మిగతా థ్రెడ్‌లన్నీ దాని వెనక నిలిచిపోతాయి, మళ్ళీ నడిపించాల్సిన థ్రెడ్ కూడా వాటిలోనే ఉండొచ్చు. జావాలో థ్రెడ్ సస్పెండ్‌ని 1.2 నుంచే వాడొద్దన్నది ఇందుకే. విండోస్‌లో సస్పెండ్‌థ్రెడ్ ఉంది కానీ అది డీబగ్గర్ల కోసం. థ్రెడ్ తనంతట తాను, తాళాలేమీ చేతిలో లేని చోట ఆగాలి. మనం చేయగలిగింది ఆ ఆగడాన్ని మధ్యలో తెంచగలిగేలా రాయడం.

దానికి సరైనది కండిషన్ వేరియబుల్, అంటే ఎదురుచూస్తున్న థ్రెడ్‌ని ఇంకో థ్రెడ్ లేపగలిగే ఏర్పాటు. బ్లోయర్ థ్రెడ్ మ్యూటెక్స్ అనే తాళం పట్టుకుని, "ఆగు" అన్న జెండా లేవనంతకాలం పీథ్రెడ్_కాండ్_టైమ్‌డ్‌వెయిట్‌లో ముగింపు క్షణం దాకా ఎదురుచూస్తుంది. ఆపాలనుకున్నవాళ్ళు అదే మ్యూటెక్స్ పట్టుకుని జెండా లేపి, పీథ్రెడ్_కాండ్_సిగ్నల్‌ని పిలుస్తారు. థ్రెడ్ వెంటనే లేస్తుంది, రిలేని భద్రమైన స్థితిలో పెట్టి బయటికొస్తుంది. ఈటైమ్‌డ్‌అవుట్ వస్తే 20 నిమిషాలు పూర్తయినట్టు. ఏ కారణం లేకుండా కూడా మధ్యలో లేవొచ్చని ప్రమాణమే చెప్తుంది కాబట్టి జెండాని, ముగింపు క్షణాన్ని లూప్‌లో మళ్ళీ మళ్ళీ చూడాలి.

అయితే ఇక్కడ పెద్ద గొయ్యి ఉంది. పీథ్రెడ్_కాండ్_టైమ్‌డ్‌వెయిట్ ముగింపు క్షణాన్ని డీఫాల్టుగా రియల్‌టైమ్‌లోనే చూస్తుంది. పీథ్రెడ్_కాండ్_ఇనిషియలైజర్‌తో తయారుచేసిన వేరియబుల్‌కి మీరు మోనోటోనిక్ క్షణం ఇస్తే, అది దాన్ని 1970 నాటి టైమ్‌గా (గోడ టైమ్‌ని లైనక్స్ 1970 నుంచే లెక్కపెడుతుంది) చదివి వెంటనే ఈటైమ్‌డ్‌అవుట్ ఇస్తుంది, రిలే టకటకా కొట్టుకుంటుంది. రియల్‌టైమ్ క్షణం ఇస్తే ఐదున్నర గంటల బాధ మళ్ళీ వెనకతలుపు నుంచి వస్తుంది. కాబట్టి పీథ్రెడ్_కాండాట్ర్_సెట్‌క్లాక్‌తో క్లాక్_మోనోటోనిక్ పెట్టి, ఆ ఆట్రిబ్యూట్‌తో పీథ్రెడ్_కాండ్_ఇనిట్ చేయండి. లైనక్స్ సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీలో 2.30 నుంచి పీథ్రెడ్_కాండ్_క్లాక్‌వెయిట్ కూడా ఉంది. అందులో ప్రతి పిలుపులోనూ గడియారం పేరు చెప్పొచ్చు. పీథ్రెడ్_క్యాన్సిల్ జోలికి మాత్రం పోకండి. నిద్రలో ఉన్న థ్రెడ్‌ని అది చంపగలదు, కానీ రిలే ఆన్‌లో ఉండగా చంపితే దాన్ని ఆపేవాళ్ళు ఉండరు.

పైథాన్‌లో రాసేవాళ్ళకి ఇవే సూత్రాలు, కొన్ని తేడాలతో. 3.5 నుంచి టైమ్.స్లీప్ సిగ్నల్ వచ్చినా మిగిలిన కాలం తనే పూర్తిచేస్తుంది. 3.11 నుంచి లైనక్స్‌లో క్లాక్_నానోస్లీప్ వాడుతుంది. ముగింపు క్షణం లెక్కకు టైమ్.టైమ్ కాదు, టైమ్.మోనోటోనిక్ వాడండి. ఆపగలిగే నిద్ర కావాలంటే థ్రెడింగ్.ఈవెంట్ మీద వెయిట్. ఇక్కడా జాగ్రత్త: 3.11కి ముందు తాళాల గడువు సిస్టమ్ గడియారం మీద నడిచేది, కాబట్టి గడియారం దూకితే వెయిట్ కూడా తప్పేది. రాస్‌ప్‌బెర్రీ పైలో ఉన్న ఓఎస్ వెర్షన్ బుల్స్‌ఐ అయితే పైథాన్ 3.9, బుక్‌వార్మ్ అయితే 3.11. ఒక్క ఈ కారణానికే కొత్తదానికి మారడం మంచిది.

కచ్చితత్వం గురించి అడగలేదు కానీ, తర్వాత అదే అడుగుతారు. ఏ నిద్ర ఫంక్షనూ చెప్పిన క్షణం కంటే ముందు లేపదు, తర్వాత ఎంతసేపటికి లేపుతుందో మాట ఇవ్వదు. మామూలు థ్రెడ్‌కి లైనక్స్ 50 మైక్రోసెకన్ల వెసులుబాటు తీసుకుంటుంది, దగ్గర దగ్గర టైమర్లని కలిపి ఒకేసారి లేపడానికి. ఆపైన షెడ్యూలర్ ఎప్పుడు వంతు ఇస్తే అప్పుడు. కర్నల్ హెచ్‌జెడ్ (సెకనుకు టిక్‌ల సంఖ్య) 250 కాబట్టి 4 మిల్లీసెకన్ల కంటే సన్నగా పడుకోలేమన్న మాట పాతది. 2.6.21లో హై రిజల్యూషన్ టైమర్లు వచ్చాక అది వర్తించదు. విండోస్‌లో మాత్రం డీఫాల్టు టిక్ 15.6 మిల్లీసెకన్లు. అక్కడ స్లీప్(1), అంటే ఒక మిల్లీసెకను నిద్ర, పదిహేను మిల్లీసెకన్ల దాకా పట్టొచ్చు. మీ పది సెకన్ల కొలతకి ఇవేవీ అక్కర్లేదు. జూట్ మిల్లు మగ్గం షాఫ్టు చుట్లు లెక్కపెట్టాలనుకునేవాళ్ళు కూడా మిల్లీసెకను నిద్రలతో పిన్నుని తడుముతూ కూర్చోకూడదు, పిన్ను మారినప్పుడు కర్నలే లేపేలా జీపీఐఓ ఈవెంట్ పెట్టుకోవాలి. నిజంగానే మిల్లీసెకను లోపల లేవాల్సిన కంట్రోల్ పని ఉంటే షెడ్_ఫైఫో (ముందు వంతు ఇచ్చేది), ఎమ్‌లాక్‌ఆల్ (మెమరీని ర్యామ్‌లోనే ఉంచేది) పెట్టి, ముందుగా సైక్లిక్‌టెస్ట్‌తో మీ బోర్డు మీద ఆలస్యం ఎంతుందో కొలవండి. ఇలాంటి ఆలస్యాన్ని తగ్గించే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 6.12 కర్నల్ నుంచి ప్రధాన శాఖలోనే ఉంది.

రియల్‌టైమ్ గడియారాన్ని గడువులకు వాడితే ఏమవుతుందో ప్రపంచమంతా చూసిన రోజు ఒకటుంది. 2012 జులై 1న, మన టైమ్ ఉదయం 5:30కి లీప్ సెకను (భూమి తిరుగుడుతో సరిపోవడానికి కలిపే అదనపు సెకను) చేర్చినప్పుడు, ఆ సర్దుబాటు సంగతి లైనక్స్ కర్నల్‌లోని టైమర్ భాగానికి చేరలేదు. అది ఒక సెకను ముందున్నట్టే లెక్కేసుకుంది. సెకను లోపు రియల్‌టైమ్ గడువులన్నీ పెట్టీపెట్టగానే తీరిపోయాయి. ఎన్నో సర్వర్లలో జావా, మైఎస్‌క్యూఎల్ ప్రాసెస్‌లు నిద్రలేకుండా తిరిగి సీపీయూ మొత్తం మింగేశాయి. డేట్ కమాండ్‌తో అదే టైమ్‌ని మళ్ళీ సెట్ చేస్తే సర్దుకునేది.

మీ పని జీడిపప్పు కాబట్టి ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ప్రోగ్రాం ఎంత బాగా రాసినా, వేడి అదుపు దాని ఒక్కదాని చేతిలో పెట్టకండి. బ్లోయర్ ఆగి హీటర్ నడుస్తూ ఉంటే పప్పు మాడి తెల్ల గ్రేడ్ నుంచి స్కార్చ్‌డ్ గ్రేడ్‌కి పడిపోతుంది. అది నష్టం. మంటలు లేస్తే అది వేరే సంగతి, లోపల మనుషులు పనిచేస్తుంటారు. హీటర్ లైనులోనే రాస్‌ప్‌బెర్రీ పైతో సంబంధం లేని థర్మల్ కటౌట్ ఒకటి, మీరు దాటకూడదనుకున్న వేడికి సెట్ చేసి, ఎలక్ట్రీషియన్ చేత వేయించండి. బ్లోయర్ నడిస్తేనే హీటర్‌కి కరెంటు వెళ్ళేలా కాంటాక్టర్ ఇంటర్‌లాక్ కూడా పెట్టించండి.

మార్పులు చేశాక కరెంటు పోయేదాకా ఆగక్కర్లేదు, బల్ల మీదే పరీక్షించొచ్చు. హీటర్ కనెక్షన్ తీసేసి, రిలేకి ఒక బల్బు తగిలించండి. ఆన్, ఆఫ్ కాలాలను 60, 20 సెకన్లకు తగ్గించండి. టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-ఎన్‌టీపీ ఫాల్స్ కొట్టి, బల్బు వెలిగిన పది సెకన్లకు డేట్ -ఎస్‌తో టైమ్‌ని ఐదున్నర గంటలు వెనక్కి తిప్పండి. సెల్‌ఫోన్ స్టాప్‌వాచ్‌లో బల్బు 60 సెకన్లకే ఆరాలి. ఇంకోసారి ఐదున్నర గంటలు ముందుకు తిప్పండి, అప్పుడూ 60 సెకన్లే రావాలి. రెండింటిలో ఏది తప్పినా ఎక్కడో టైమ్ ఫంక్షనో, రియల్‌టైమ్ కండిషన్ వేరియబులో ఇంకా మిగిలి ఉంది. గ్రెప్‌తో టైమ్(, గెట్‌టైమ్‌ఆఫ్‌డే, కాండ్_ఇనిషియలైజర్ వెతకండి. తర్వాత బల్బు వెలుగుతుండగా ప్రోగ్రాంకి ఆగిపొమ్మనే టర్మ్ సిగ్నల్ పంపండి. సెకను లోపు బల్బు ఆరి ప్రోగ్రాం బయటికి రావాలి. అంతా అయ్యాక సెట్-ఎన్‌టీపీ ట్రూ కొట్టడం, కాలాలు 20 నిమిషాలు, 5 నిమిషాలకు మార్చడం మర్చిపోకండి.

శ్రీకాకుళం, విజయనగరం కాలేజీల్లో విండోస్, ఉబుంటు రెండూ పెట్టుకున్న ల్యాప్‌టాప్‌ల మీద ప్రోగ్రాం రాసేవాళ్ళకీ ఇదే 5:30 ఎదురవుతుంది. విండోస్ హార్డ్‌వేర్ గడియారంలో మన టైమ్ రాస్తుంది, ఉబుంటు దాన్ని యూటీసీగా చదువుతుంది. విండోస్ రిజిస్ట్రీలో రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ విలువ 1 చేస్తే రెండూ యూటీసీ మీదకు వస్తాయి. ఉబుంటుని లోకల్ టైమ్‌కి మార్చే దారి కూడా ఉంది గానీ, దాన్ని పెడితే టైమ్‌డేట్‌సీటీఎల్లే హెచ్చరిక చూపిస్తుంది.